దడ వేరు, బెంగ వేరు

అమ్మ ఆ మాత్రలు మానేసి తొమ్మిది రోజులైందని మాలో ఎవరికీ తెలీదు.

ఊపిరితిత్తుల జబ్బుకి ఏడాదిన్నరగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వాడుతోంది. దాంతో ఆయాసం తగ్గింది గానీ ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ పెరిగింది, చేతుల మీద చర్మం పల్చబడి చిన్న దెబ్బకే కమిలిపోయేది. ఫోన్‌కి ఎవరో పంపిన వీడియోలో స్టెరాయిడ్ అంటే విషమనీ, కార్టిసాల్ అనే హార్మోను మనిషిని లోపల్నుంచి తినేస్తుందనీ చెప్పారట. ఆయాసం ఎలాగూ లేదు కదా అని చెప్పాపెట్టకుండా ఆపేసింది. నాలుగైదు రోజులకి నీరసం మొదలైంది. ఆకలి లేదు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంది. "నువ్వు ఊరికే టెన్షన్ పడుతున్నావమ్మా, అందుకే అలా ఉంది" అన్నాను. ఆ మాట అన్నది నేనే కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

ఆ వారంలోనే ఇంట్లో అందరికీ జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. మేం రెండు రోజుల్లో లేచి తిరిగాం. అమ్మ మాత్రం మూడో రోజు పొద్దున మంచం దిగబోయి కూలబడిపోయింది. చెల్లి కేక విని పరిగెత్తాను. ఒళ్ళు చల్లబడిపోయింది, పిలిస్తే పలికీ పలకనట్టు ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి పై బీపీ 70. సెలైన్ ఎక్కిస్తున్నా పెరగదు. అమ్మ మందుల సంచీ తిరగేసిన డాక్టరు గారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఈ మాత్ర ఎప్పుడు ఆపారు?" మేం తెల్లమొహాలు వేశాం. చెల్లి మాత్రల స్ట్రిప్పు మీద తేదీల లెక్క వేసి, మిగిలిపోయిన మాత్రలు లెక్కపెట్టి తొమ్మిది రోజులంది. వెంటనే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ నరంలోకి ఇచ్చారు. సాయంత్రానికల్లా అమ్మ కళ్ళు తెరిచి, మేం ఏమైనా తిన్నామా అని అడిగింది.

హైడ్రోకార్టిసోన్ అంటే కార్టిసాలే. మందుగా ఇచ్చేటప్పుడు ఆ పేరుతో పిలుస్తారు, అంతే. ఏ పదార్థాన్ని విషమని భయపడి అమ్మ మాత్రలు ఆపిందో, అదే పదార్థం ఒక్కపూటలో ఆమెను వెనక్కి తెచ్చింది. నేనేమో టెన్షన్ ఎక్కువై నీరసపడిందనుకున్నాను. అసలు సంగతి పూర్తిగా తిరగబడి ఉంది: ఒత్తిడి వస్తే దాన్ని ఎదుర్కోవడానికి శరీరం చెయ్యాల్సిన పని అమ్మ శరీరం చెయ్యలేకపోయింది.

నేను డాక్టర్ని కాను. కానీ ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. "టెన్షన్" అనే ఒక్క మాటలో మనం రెండు వేరు వేరు సంగతుల్ని కలిపేశాం. తెలుగులో వాటికి విడివిడిగా పేర్లున్నాయి. ఒకటి దడ, రెండోది బెంగ. ఈ రెంటికీ శరీరంలో దారులు వేరు, కాలం వేరు, మందు కూడా వేరు. రెంటినీ ఒకటే అనుకోవడం వల్లనే మనం ఒకరికొకరం పనికిరాని సలహాలు ఇచ్చుకుంటున్నాం.

ముందు దడ సంగతి. చెల్లి కేక వినగానే నా ఒంట్లో జరిగింది అదే. ఏం జరిగిందో నాకు అర్థమయ్యే లోపే నా కాళ్ళు పరిగెడుతున్నాయి. మెదడు లోపల, చెవుల పక్క భాగాన, బాదం గింజ ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంటుంది, అటొకటి ఇటొకటి. చూసిందీ విన్నదీ ప్రమాదమా కాదా అని మొదట తూకం వేసే వాటిలో అది ముఖ్యమైనది. పూర్తి అర్థం కోసం అది ఆగదు. ప్రమాదం అనిపిస్తే మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగానికి కబురు పెడుతుంది. అక్కణ్ణుంచి వెన్నుపాము గుండా నరాలు నేరుగా గుండెకి, ఊపిరితిత్తులకి, రక్తనాళాలకి, కళ్ళకి, చెమట గ్రంథులకి ఆజ్ఞ మోసుకుపోతాయి. వాటిలో కొన్ని మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల్లోకి వెళ్తాయి. ఒక్కో గ్రంథి బరువు నాలుగైదు గ్రాములే. దాని లోపలి గుజ్జులో ఉన్న కణాలు నిజానికి నరాల కణాలకి దాయాదులు. నరం తాకగానే అవి అడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. క్షణాల్లో అయిపోతుంది ఇదంతా.

ఆ తర్వాత జరిగేవన్నీ మన భాషలో ఎప్పట్నుంచో ఉన్నాయి. గుండె దడదడలాడడం. నోరు తడారిపోవడం, అంటే లాలాజలం తగ్గిపోవడం. ముచ్చెమటలు పట్టడం. ఒళ్ళు గగుర్పొడవడం, అంటే రోమాల మొదట్లో ఉన్న చిన్న కండరాలు బిగుసుకోవడం. కడుపులో దేవినట్టుండడం, ఎందుకంటే జీర్ణాశయానికి వెళ్ళాల్సిన రక్తం కాళ్ళ కండరాలకి మళ్ళింది. "కాలూ చెయ్యీ ఆడలేదు" అంటామే, అది కూడా మెదడు చేసే పనే. పోరాడడం, పారిపోవడం కాకుండా ఉన్నచోటే బిగుసుకుపోవడం అనే మూడో దారి అది. ఆపదలో కదల్లేకపోయిన మనిషిని పిరికివాడని తిట్టేవాళ్ళకి ఈ సంగతి తెలియాలని నా కోరిక.

కడుపు సంగతి గమనించినవాళ్ళలో ముఖ్యుడు అమెరికాలో హార్వర్డ్‌లో చదువుకుంటున్న వాల్టర్ కానన్. ఎక్స్-రే కిరణాలు బయటపడిన మరుసటి ఏడాదే, 1896లో, జంతువుల కడుపులో ఆహారం ఎలా కదులుతుందో ఆ కిరణాలతో చూడడం మొదలుపెట్టాడు. పిల్లి కులాసాగా ఉన్నంతసేపూ పొట్ట అలలు అలలుగా కదిలేది. పిల్లి బెదిరినా, కోపగించినా ఆ కదలిక టక్కున ఆగిపోయేది. శాంతించాక మళ్ళీ మొదలయ్యేది. ఆ గమనికతో మొదలైన పని, భయమూ కోపమూ ఆకలీ నొప్పీ శరీరంలో తెచ్చే మార్పుల మీద 1915లో పుస్తకంగా వచ్చింది. "ఇదంతా మనసులోదే" అనేవాళ్ళకి ఆ పిల్లి పొట్టే జవాబు. మనసులో కలిగిన బెదురు పొట్ట కండరాన్ని ఆపేసింది. మరి అది మనసా, శరీరమా? ఆ రెంటి మధ్య గీత గీయడం నాకైతే చేతకావడం లేదు.

అడ్రినలిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. రెండు మూడు నిమిషాల్లో సగానికి సగం కరిగిపోతుంది. దడ అంత త్వరగా వచ్చి అంత త్వరగా పోవడానికి కారణం అదే. రోడ్డు మీద లారీ మన పక్కనుంచి దూసుకుపోతే గుండె అదురుతుంది, పది నిమిషాల్లో మామూలవుతాం. ఇందులో చెడు ఏమీ లేదు. మన ముందు తరాలు బతికి బట్టకట్టింది దీనితోనే.

ఇక రెండో దారి. ఇది నరాల మీద కాదు, రక్తం మీద నడుస్తుంది, అందుకే నెమ్మది. హైపోథాలమస్ నుంచి సీఆర్‌హెచ్ అనే చిన్న హార్మోను వెలువడి, దాని కిందనే వేలాడే బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథికి చేరుతుంది. పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే మరో హార్మోనుని రక్తంలోకి వదులుతుంది. అది ఒళ్ళంతా తిరిగి అడ్రినల్ గ్రంథుల పైపొరని చేరాక, ఆ పొర కొలెస్టరాల్ నుంచి కార్టిసాల్ తయారుచేస్తుంది. కేక విన్న క్షణం నుంచి లెక్కపెడితే రక్తంలో కార్టిసాల్ బాగా పెరగడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అంటే అప్పటికి మేం ఆసుపత్రి దారిలో ఉన్నాం. ఈ గొలుసులో మొదటి లంకె అయిన సీఆర్‌హెచ్ ఎలా ఉంటుందో 1981 దాకా ఎవరికీ తెలియదు. వైలీ వేల్, ఆయన సహచరులు గొర్రెల మెదళ్ళ నుంచి దాన్ని వేరుచేసి, 41 అమైనో ఆమ్లాల గొలుసని తేల్చారు.

కార్టిసాల్ చేసే పని కూడా దడలాంటిది కాదు. అది కణాల లోపలికి వెళ్ళి, ఏ జన్యువు పనిచెయ్యాలో ఏది ఆగాలో మారుస్తుంది. కాలేయం చేత గ్లూకోజు తయారుచేయిస్తుంది. వాపుని అదుపు చేస్తుంది. అన్నిటికన్నా నన్ను కదిలించింది ఇంకొకటి: కార్టిసాల్ లేకపోతే అడ్రినలిన్ మాట రక్తనాళాలు సరిగా వినవు. అడ్రినలిన్ ఎంత తన్నినా నాళాలు బిగుసుకోవు, బీపీ నిలవదు. అమ్మకి సెలైన్ ఎక్కిస్తున్నా బీపీ పెరగకపోవడానికి కారణం నాకు చాలా రోజుల తర్వాత ఇలా అర్థమైంది.

మరి అమ్మ గ్రంథులు ఎందుకు పలకలేదు? ఈ గొలుసుకి తనను తాను ఆపుకునే పద్ధతి ఉంది. రక్తంలో కార్టిసాల్ చాలినంత ఉందని హైపోథాలమస్, పిట్యూటరీ పసిగట్టి సీఆర్‌హెచ్‌నీ ఏసీటీహెచ్‌నీ తగ్గించేస్తాయి. ప్రెడ్నిసొలోన్ కార్టిసాల్‌ని పోలిన మందు. ఏడాదిన్నర పాటు రోజూ బయటినుంచి వస్తుంటే మెదడు "చాలినంత ఉంది" అనుకుని ఆజ్ఞలు పంపడం మానేసింది. పని లేని అడ్రినల్ పైపొర కుంచించుకుపోయింది. మాత్ర ఒక్కసారిగా ఆపితే అది మర్నాడే లేచి పనిచెయ్యలేదు, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి విశ్రాంతిలో రోజుకి సుమారు 10 మిల్లీగ్రాముల కార్టిసాల్ చాలు. గట్టి జబ్బు చేస్తే శరీరం దానికి కొన్ని రెట్లు తయారుచేసుకుంటుంది. మా జ్వరాలప్పుడు మా ఒళ్ళు అదే చేసి ఉంటుంది, మాకు తెలియను కూడా తెలియలేదు. అమ్మ ఒంట్లో ఆ కొద్దిపాటి మొత్తం కూడా లేదు. అందుకే ఈ మాత్రలు వాడేవాళ్ళందరినీ చేతులెత్తి వేడుకుంటున్నాను: ఆపాలనిపిస్తే డాక్టర్ని అడిగి మెల్లమెల్లగా తగ్గించుకోండి. సొంతంగా ఆపొద్దు.

కార్టిసాల్ ఎక్కువైతే చేటు లేదా అంటే, ఉంది. అమ్మ ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం, చర్మం పల్చబడడం సరిగ్గా ఆ చేటే. పిట్యూటరీలో గడ్డ వల్ల కార్టిసాల్ అదే పనిగా పెరిగే జబ్బుని హార్వీ కుషింగ్ 1932లో వివరించాడు, అందులోనూ ఇవే లక్షణాలు. అంతకు చాలా ముందు, 1855లోనే థామస్ ఆడిసన్ అడ్రినల్ గ్రంథులు పాడైతే మనిషి ఎలా క్షీణించి పోతాడో రాశాడు. లేకపోతే ప్రాణం పోతుంది, మితిమీరితే ఒళ్ళు పాడవుతుంది. విషమనడానికీ అమృతమనడానికీ ఇక్కడ చోటు లేదు. ఎంతసేపు ఉంది, ఎప్పుడు తగ్గింది అన్నదే ప్రశ్న.

ఇక్కడే బెంగ వస్తుంది. బెంగ పెట్టుకుని చిక్కిపోయాడంటాం. దడ పెట్టుకుని చిక్కిపోయాడని ఎవరూ అనరు. మాటలోనే కాలం తేడా ఉంది చూడండి. దడ వస్తుంది, పోతుంది. బెంగని మనిషి పెట్టుకుంటాడు, అది అతనితో ఉండిపోతుంది. మామూలుగా కార్టిసాల్‌కి రోజువారీ లయ ఉంటుంది. తెల్లవారుజాము నుంచి పెరుగుతూ, నిద్ర లేచిన అరగంటకి ఇంకొంచెం పైకి లేచి, పగలంతా దిగుతూ అర్ధరాత్రికి బాగా తగ్గిపోతుంది. అసలు పొద్దున్నే మనం లేచి కూర్చోవడంలో దాని చెయ్యి ఉంది. తీరని బాధ నెలల తరబడి ఉంటే ఈ లయ చెదురుతుంది. రాత్రి తగ్గాల్సినంత తగ్గదు, పొద్దున లేవాల్సినంత లేవదు. అందరిలోనూ ఒకేలా చెదరదు కూడా. కొందరిలో ఎక్కువవుతుంది, కొందరిలో ఏళ్ళు గడిచాక తక్కువవుతుంది.

బ్రూస్ మెక్‌యూవన్ 1968లో ఎలుకల మెదడులో, జ్ఞాపకాలకి ఆయువుపట్టయిన హిప్పోకాంపస్‌లో, కార్టిసాల్ కోవకి చెందిన హార్మోనుని పట్టుకునే స్థానాలున్నాయని చూపించాడు. అప్పటిదాకా మెదడు ఆజ్ఞ ఇచ్చేదే గానీ ఈ హార్మోను మాట వినేది కూడా అని పెద్దగా ఎవరూ అనుకోలేదు. ఆ తర్వాతి పరిశోధనల్లో, వారాల తరబడి ఒత్తిడికి గురైన ఎలుకల హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కురచబడడం కనిపించింది. ఒత్తిడి తీసేస్తే అవి మళ్ళీ పెరిగాయి కూడా. ఈ రెండో సగాన్ని భయపెట్టే వీడియోలు చెప్పవు.

అమ్మ ఐసీయూలో ఉన్న మూడు రోజులూ నేను వరండాలో కూర్చున్నాను. చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ "టెన్షన్ పడకు" అన్నారు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. ఆ మాట విన్నప్పుడల్లా ఇంకొంచెం బరువెక్కేది. ఒకాయన ఊపిరి మెల్లగా వదలమన్నాడు. చేశాను. గుండె కొట్టుకోవడం కాసేపు నెమ్మదించింది. అందులో నిజముంది: ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకి వెళ్ళే వేగస్ అనే నాడి గుండెని నిదానం చేస్తుంది, వదలడం ఎంత సాగితే అంత. కానీ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మళ్ళీ మొదటికొచ్చేది. ఊపిరి దడకి మందు. లోపల ఏం జరుగుతోందో తెలియకపోవడమనే బాధకి అది ఎలా మందవుతుంది?

దానికి మందు రెండో రోజు రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్ దగ్గర దొరికింది. "చూడండి, ప్రతి రెండు గంటలకీ బీపీ రాస్తాను. రాయగానే బయటికొచ్చి మీకు చెప్తాను. ఆ మధ్యలో తలుపు తెరుచుకుంటే అది మీ గురించి కాదు" అంది. అంతే. పదకొండుకి వచ్చి చెప్పింది, ఒంటిగంటకి వచ్చి చెప్పింది. ఒంటిగంట తర్వాత నేను కుర్చీలోనే నిద్రపోయాను. అమ్మ పరిస్థితి ఆ రెండు గంటల్లో ఏమీ మారలేదు. మారిందల్లా, ఎప్పుడు భయపడాలో ఎప్పుడు అక్కర్లేదో నాకు తెలియడం.

తర్వాత చదువుతుంటే, 1970 ప్రాంతంలో జే వైస్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఆ రాత్రే కనిపించింది నాకు. రెండు ఎలుకలకి సరిగ్గా అవే కరెంటు షాకులు. ఒకదానికి షాకు ముందు శబ్దం వినిపిస్తుంది, రెండోదానికి ఎప్పుడొస్తుందో తెలియదు. హెచ్చరిక ఉన్న ఎలుక కడుపులో పుళ్ళు చాలా తక్కువ. ఇంకో ప్రయోగంలో ఒక ఎలుక చక్రం తిప్పితే రెంటికీ షాకు తప్పుతుంది. రెండూ తిన్న షాకులు సమానమే, అయినా చక్రం చేతిలో ఉన్న ఎలుకకే తక్కువ హాని. ఆ మూగజీవుల బాధ గురించి చదవడం నాకు కష్టంగానే ఉంది, కానీ అవి చెప్పిన నిజాన్ని వదిలెయ్యడం ఇంకా అన్యాయం.

మనుషుల్లో కూడా ఇదే కనిపిస్తుంది. 2004లో డికర్సన్, కెమెనీ అనే ఇద్దరు పరిశోధకులు 208 అధ్యయనాల్ని కలిపి చూశారు. కార్టిసాల్‌ని అన్నిటికన్నా ఎక్కువ పెంచినవి, మన చేతిలో లేని పరిస్థితీ, ఇతరులు మనల్ని తూకం వేస్తున్నారన్న భయమూ కలిసిన సందర్భాలు. బ్రిటన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగుల్ని ఏళ్ళ తరబడి గమనించింది. పెద్ద బాధ్యతలు మోసే పై అధికారులకే గుండెజబ్బులెక్కువ అని అందరూ అనుకునే రోజులవి. తేలింది తలకిందులు. అట్టడుగు ఉద్యోగులు గుండెజబ్బుతో చనిపోవడం పై అధికారులకన్నా మూడు రెట్లకు పైగా ఉంది. సిగరెట్లు, బీపీ, కొలెస్టరాల్ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా చాలావరకు మిగిలింది. 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో, తన పని మీద తనకి ఎంత పట్టు ఉందన్నది ఆ తేడాలో పెద్ద భాగాన్ని వివరించింది.

నా వాదనంతా ఇక్కడికే వస్తుంది. బెంగని మోసే మనిషికి ఊపిరి పాఠాలు చెప్పి పంపెయ్యడం, చక్రం లేని ఎలుకని ధైర్యంగా ఉండమనడమే. అతను అడగాల్సినవి, మనం ఇవ్వాల్సినవి వేరే ఉన్నాయి: ఏం జరుగుతోందో చెప్పడం, ఎప్పటికి తెలుస్తుందో చెప్పడం, ఏదో ఒక నిర్ణయం అతని చేతిలో పెట్టడం. ఆసుపత్రి వరండాలో, ఆఫీసులో, పరీక్షల ముందు పిల్లవాడి దగ్గర, ఎక్కడైనా సరే. ఒకే కష్టంలో ఇద్దరు వేరు వేరుగా ఎందుకుంటారని ఎవరైనా అడగొచ్చు. నిజమే, పుట్టుక, పెంపకం, పాత గాయాలు, పక్కనున్న మనుషులు అన్నీ లెక్కలోకొస్తాయి. మనసుని అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటే మేలే. కానీ అది కష్టంలో ఉన్న మనిషి మీద మోపే ఇంకో బాధ్యత కాకూడదు.

అలాగే ప్రతి నలతకీ టెన్షన్ అని పేరు పెట్టెయ్యడం. మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే 1936లో, ఎలుకల్ని చలి, గాయం, అలసట వంటి ఏ బాధకి గురిచేసినా అడ్రినల్ గ్రంథులు ఉబ్బడం, ఛాతీలో ఉండే థైమస్ అనే గ్రంథి కుంచించుకుపోవడం, కడుపులో పుళ్ళు పడడం చూశాడు. ఒత్తిడి అనే ఆలోచనే వైద్యంలో అలా పాతుకుంది. తర్వాత దశాబ్దాల పాటు కడుపులో పుండు అంటే టెన్షన్ అనేశారు. 1980లలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆ పుళ్ళలో ఎక్కువ భాగానికి వెనక ఒక బాక్టీరియా ఉందని చూపించారు, 2005లో నోబెల్ అందుకున్నారు. యాంటీబయాటిక్‌తో తగ్గే జబ్బుకి ఎంతమందిని ప్రశాంతంగా ఉండమని పంపేసి ఉంటారో. నేను అమ్మని అన్న మాట కూడా ఆ కోవలోదే. ఆ రోజు "ఎందుకలా ఉంది, ఏం మారింది, మందులేమైనా ఆపావా?" అని అడిగి ఉంటే చాలు.

అమ్మ మళ్ళీ ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టింది, ఈసారి డాక్టరు గారు నెలనెలా కొంచెం కొంచెంగా తగ్గించారు. జ్వరం వస్తే మోతాదు ఎలా పెంచాలో కాగితం మీద రాసిచ్చారు. మా ఒళ్ళు చెప్పకుండా చేసే పనిని అమ్మ కాగితం చూసి చేసేది. పది నెలలకి మాత్ర ఆపే ముందు పరీక్ష చేశారు. పొద్దున్నే రక్తం తీసి, ఏసీటీహెచ్‌లా పనిచేసే మందు ఇంజెక్షన్ ఇచ్చి, అరగంటకి మళ్ళీ రక్తం తీశారు. మెదడు పిలిచినట్టే పిలిచి, గ్రంథులు పలుకుతాయో లేదో చూడడమన్నమాట. ఆ అరగంటా అమ్మ పక్కన కూర్చున్నాను. రిపోర్టు మర్నాడు సాయంత్రం నాలుగుకి వస్తుందని ముందే అడిగి తెలుసుకున్నాను. నాలుగుకి వచ్చింది. అమ్మ చెల్లికి ఫోన్ చేసి, "పలికాయటే, రెండూ లేచాయట" అని చెప్పింది.